‘కరెంటు’ పెడితే చర్మం ఎందుకు నల్లబడుతుంది?

“ఇరవై కరెంట్లయినాయి సార్. మెడంతా బొగ్గయిపోయింది. ఇంకా పదిహేను పెట్టాలంటున్నారు. అన్నీ పెట్టించుకుంటే మనిషి మిగలడని మావాళ్ళంటున్నారు. ఏం చేయమంటారు?”

బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం వైపు పనిచేసే ఏ డాక్టరునడిగినా ఈ మాట తాము విన్నామనే చెబుతారు. మా ఊళ్ళలో కాన్సర్‌కి రేడియేషన్ వైద్యం లేదు. కర్నూలో, గుంటూరో, హైదరాబాదో, చెన్నయో, రాయవేలూరో పోవాలి. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అడయారులో స్థాపించిన కాన్సర్ ఇన్‌స్టిట్యూటుకీ, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికీ దూరం లెక్కచేయక మా ప్రాంతంవాళ్ళు వెళుతూనే వున్నారు. అక్కడ గది అద్దెకు తీసుకుని, తోడుగా ఒక మనిషిని పెట్టుకుని, సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజూ మిషను కింద పడుకోవాలి. మూడోవారం వచ్చేసరికి చర్మం రంగు మారుతుంది. అది చూసుకుని భయపడి శనివారం ఇంటికొచ్చినవాళ్ళు సోమవారం తిరిగి బస్సెక్కరు. కాన్సర్ కాదు, ఆ నలుపే వాళ్ళను ఇంట్లో కూర్చోబెడుతుంది.

అయితే ఆ నలుపు డాక్టర్లు ఊహించనిది కాదు. ఏ వారంలో ఏ మార్పు వస్తుంది, ఎప్పుడు ముదురుతుంది, ఎప్పుడు మానుతుంది అనేది చాలావరకు ముందే అంచనా కట్టవచ్చు. ఆ అంచనా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది.

కరెంటూ కాదు, కాలడమూ కాదు

ముందు ఆ ‘కరెంటు’ అనే మాట సంగతి చూద్దాం. రేడియేషన్‌కి మన జనం పెట్టుకున్న పేరది. పలకడానికి తేలికే కాని అది చేసే చెరుపు ఇంతా అంతా కాదు. కరెంటు అనగానే షాకు, మంట, మాడిపోవడం గుర్తుకొస్తాయి. నిజానికి రోగికి తగిలేది విద్యుత్తు కాదు. ఎక్స్‌రే జాతికి చెందిన, దానికన్న ఎన్నో రెట్లు శక్తిగల కిరణాలవి. తగిలేటప్పుడు నొప్పి వుండదు, వేడీ వుండదు. వీటి మోతాదును ‘గ్రే’ అనే కొలతతో కొలుస్తారు. మామూలుగా రోజుకు 2 గ్రేలు ఇస్తారు. ఆ శక్తి అంతా వేడిగా మారినా శరీరం వేడెక్కేది ఒక డిగ్రీలో సుమారు రెండువేలవ వంతు మాత్రమే! ఒక గుక్క వేడి కాఫీ తాగినా అంతకన్న ఎక్కువ వేడి ఒంట్లోకి పోతుంది. కాబట్టి చర్మం కాలడమనే ప్రశ్నే లేదు.

మరి ఎందుకు మారుతుంది? చర్మం పైపొర ఎప్పటికప్పుడు అడుగునుంచి తయారవుతూ వుంటుంది. అడుగున పుట్టిన కణాలు మెల్లగా పైకి జరిగి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రేడియేషన్ దెబ్బ తగిలేది అడుగున పుట్టే కణాలకు. పైన వున్నది అప్పటికే తయారైన సరుకు. బియ్యం మిల్లు ఆగిపోయినా దుకాణాల్లో మూటలు అయిపోయేదాకా ఊరికి తెలియదు కదా! అలాగే మొదటి రెండు వారాలు చర్మం మీద ఏమీ కనపడదు. తరువాత కొరత బయటపడుతుంది. దానికి తోడు చర్మంలో రంగు తయారుచేసే కణాలు రెచ్చిపోయి ఎక్కువ రంగు పోస్తాయి. మీరు చూసే నలుపు ఆ రంగే. ఎండలో మిర్చి కల్లం దగ్గర నెలరోజులు పనిచేస్తే వచ్చే నలుపుకీ దీనికీ బంధుత్వముంది.

ఏ వారంలో ఏమవుతుంది?

రోజుకు 2 గ్రేల చొప్పున ఇస్తున్నారనుకుందాం. మొత్తం 20 గ్రేలకు, అంటే రెండో వారం చివర, మూడో వారంలో, ఆ చోట వెచ్చగా, బిగువుగా అనిపించి దురద మొదలవుతుంది. వెంట్రుకలు రాలుతాయి, ఆ చోటనే సుమా, ఒళ్ళంతా కాదు. 30, 40 గ్రేల మధ్య చర్మం ఎండిపోయి పొట్టు లేస్తుంది. 45, 50 గ్రేలు దాటినప్పుడు కొందరికి, ముఖ్యంగా మెడ ముడుతల్లో, చంకలో, రొమ్ము కింద, గజ్జలలో పొర ఊడి తడి పుండు పడుతుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. చర్మం అన్నిటికన్న బాధపెట్టేది ఆఖరి రోజున కాదు, వైద్యం పూర్తయిన తరువాత ఒకటి రెండు వారాలకు. ఆసుపత్రివాళ్ళు “అయిపోయింది, ఇంటికి వెళ్ళండి” అన్నాక పుండు ఎక్కువైతే ఏదో పొరపాటు జరిగిందని గోల చేయనక్కరలేదు. మిల్లు కథ ఇక్కడ కూడా వర్తిస్తుంది. చాలామందికి మరో రెండు మూడు వారాల్లో కొత్త చర్మం వచ్చేస్తుంది. నలుపు వదలడానికి మాత్రం నెలలు పడుతుంది.

ఈ లెక్కలు ఎవరు కట్టారు?

ఎక్కువభాగం రోగుల కేసు షీట్లే కట్టాయి. 1895 నవంబరులో రాంట్‌జన్ ఎక్స్‌రేలు కనిపెట్టాడు. ఆ వెంటనే వైద్యులు వాటితో జబ్బులు నయం చేయడానికి దిగారు. కాని ఎంత ఇస్తున్నారో కొలిచే సాధనం వాళ్ళ దగ్గర లేదు. 1901లో బెకెరల్ అనే శాస్త్రజ్ఞుడు రేడియం గొట్టాన్ని చొక్కా జేబులో పెట్టుకు తిరిగితే కొన్నాళ్ళకు దాని కింద చర్మం పుండు పడింది. పియరీ క్యూరీ కావాలనే తన చేతికి రేడియం కట్టుకుని ఏమవుతుందో రాసుకున్నాడు. అలా చర్మమే కొలబద్ద అయింది. చర్మం ఎర్రబడేటంత మోతాదును ఒక లెక్కగా పెట్టుకుని చాలా ఏళ్ళు వైద్యం చేశారు. 1928లో స్టాక్‌హోం మహాసభలో ‘రాంట్‌జన్’ అనే కొలతను అంగీకరించిన తరువాతనే చర్మానికి ఆ చాకిరీ తప్పింది.

మోతాదును ఒక్కసారే ఇవ్వాలా, రోజుకు కొంచెంగా ఇవ్వాలా? ఈ ప్రశ్నకు స్టాక్‌హోంలోని రేడియంహెమ్మెట్ ఆసుపత్రి డాక్టరు స్ట్రాండ్‌క్విస్ట్ 1944లో జవాబు వెతికాడు. చర్మానికీ పెదవికీ కాన్సర్ వచ్చిన 280 మంది రికార్డులు ముందు పెట్టుకుని, ఎన్ని రోజులలో ఎంత మోతాదు ఇస్తే జబ్బు నయమయింది, ఎంత ఇస్తే చర్మం పాడయింది అని గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాడు. చుక్కలన్నీ ఏటవాలు గీతల వెంట వరుస కట్టాయి. రోజులు పెంచినకొద్దీ చర్మం ఎక్కువ మోతాదు తట్టుకుంటుందని ఆ గీతలు చెప్పాయి. ఈనాడు మిమ్మల్ని ఐదారు వారాలు తిప్పించుకోవడానికి మూలం అక్కడ వుంది. ఒక్కరోజులో కానిచ్చేయకుండా ఎందుకు తిప్పుతారని విసుక్కునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

1969లో ఆక్స్‌ఫర్డు డాక్టరు ఫ్రాంక్ ఎల్లిస్ ఆ గీతలనుంచి ఒక సూత్రం తయారుచేశాడు. ఎన్ని సిట్టింగులు, ఎన్ని రోజులు అనేది అందులో వేస్తే చర్మం తట్టుకోగల మోతాదు వచ్చేది. ఎన్నో ఆసుపత్రులు దాన్ని వాడాయి. రోగులు ఎక్కువై మిషను ఖాళీ లేనిచోట్ల, సూత్రం ప్రకారం సిట్టింగులు తగ్గించి, ఒక్కొక్కసారి ఇచ్చే మోతాదు పెంచారు. మొదటి నెలలో చర్మం సూత్రం చెప్పినట్టే నడుచుకుంది. కాని కొన్ని ఏళ్ళ తరువాత అదే చోట చర్మం గట్టిపడి, బిగదీసుకుపోయి, సన్నని ఎర్ర రక్తనాళాలు సాలెగూడులాగా తేలాయి. సూత్రంలోకి పోయినవి చాలావరకు తొలివారాల మార్పులే. కాబట్టి ఏళ్ళ తరువాతి సంగతి చెప్పడం దాని చేతకాలేదు.

దీన్ని తేల్చడానికి స్వీడన్‌లోని గోథెన్‌బర్గులో ట్యూరెసన్, నోటర్ అనే ఇద్దరు డాక్టర్లు 1970లలో మంచి ఉపాయం చేశారు. రొమ్ము తీసివేసిన స్త్రీలకు రొమ్ము ఎముకకు రెండు పక్కలా రేడియేషన్ ఇవ్వవలసి వచ్చినప్పుడు కుడిపక్క ఒక పద్ధతిలో, ఎడమపక్క ఇంకో పద్ధతిలో ఇచ్చారు. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒకే తిండి. ఇక ఈమె చర్మం మెత్తన, ఆమె చర్మం మొద్దు అనే తగువుకు తావులేదు. ఎరుపును కంటితో కాక కాంతిని కొలిచే సాధనంతో కొలిచి ఏళ్ళ తరబడి వెంటాడారు. తొలివారాల్లో చర్మం బాగున్నంత మాత్రాన తరువాత బాగుంటుందని కాదనీ, తొలిదశలో పుండయినంత మాత్రాన తరువాత గట్టిపడుతుందని కాదనీ తేలింది. తొలి మార్పులకు ముఖ్యం మొత్తం మోతాదు. ఏళ్ళ తరువాత వచ్చే మార్పులకు ఒక్కొక్కసారి ఎంత ఇచ్చారనేది మరింత ముఖ్యం. 1980లనుంచి వచ్చిన కొత్త సూత్రం ఈ రెండింటికీ వేరువేరు లెక్క కడుతుంది.

దాని ఫలం మీకు నేరుగా అందుతోంది. ఒకప్పుడు రొమ్ము కాన్సర్‌కి 50 గ్రేలను 25 సిట్టింగులుగా ఇచ్చేవారు. బ్రిటన్‌లో 4451 మంది స్త్రీల మీద స్టార్ట్ అనే పేరుతో రెండు పెద్ద పరిశోధనలు జరిగాయి. 2008లోను, 2013లోను ఫలితాలు వచ్చాయి. 40 గ్రేలను 15 సిట్టింగులలో ఇస్తే జబ్బు అదుపులో తేడా లేదు, చర్మానికి నష్టం తక్కువ! 2020లో మరో 4096 మంది ఫలితాలు చూసి కొందరికి 26 గ్రేలను 5 సిట్టింగులతో ముగించవచ్చన్నారు. “సర్కారు పథకం కింద కదా, పదిహేనుతో సరిపెట్టి పంపించేశారు” అని మా దగ్గర ఆడవాళ్ళు బాధపడుతుంటారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో చేయించుకున్నా, సొంత డబ్బు లక్షలు పోసి చేయించుకున్నా ఈ లెక్క ఒకటే. అయితే ఇది రొమ్ముకు సంబంధించిన లెక్క. గొంతుకూ, గర్భాశయ ముఖద్వారానికీ ఇంకా ఐదునుంచి ఏడు వారాలు పట్టవచ్చు. పక్కింటావిడకు పదిహేనేగా అని పోల్చుకోవద్దు.

సగటు వేరు, మీరు వేరు

ఇన్ని వేలమంది లెక్కలు చెప్పేది సగటు. ఆ సగటుకు మీరు ఎటువైపు వుంటారనేది కొన్ని విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది మిషను. పాతకాలపు ఎక్స్‌రే మిషన్లలో కిరణాల బలమంతా చర్మం మీదనే పడేది. 1951లో కెనడాలో మొదలైన కోబాల్టు మిషనులో గరిష్ఠ మోతాదు చర్మానికి అర సెంటీమీటరు లోపల పడుతుంది. మన భాభా అణు పరిశోధన కేంద్రం తయారుచేసిన భాభాట్రాన్ కూడా కోబాల్టు మిషనే. లీనియర్ యాక్సిలరేటరులో సాధారణంగా అది ఒకటిన్నర సెంటీమీటర్ల లోతుకు పోతుంది. కాబట్టి మా తాతకు 1960లలో కరెంటు పెడితే అట్లా అయింది అనే కథలు ఈరోజు మీకు వర్తించవు.

కిరణాలు సమంగా పరుచుకునేటట్టు చేసినా తేడా వస్తుంది. కెనడాలో 331 మంది స్త్రీలను పరీక్షించి 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం, పాత పద్ధతిలో నూటికి 48 మందికి తడిపుండు పడితే, సమంగా పరిచే కొత్త పద్ధతిలో 31 మందికే పడింది. రొమ్ము పెద్దదిగా వున్నవారికి రెండింటిలోనూ ఎక్కువే. లావు మనిషికి ముడుతలెక్కువ, ముడుతల్లో రాపిడీ చెమటా ఎక్కువ. షుగరు అదుపులో లేనివారికి మానడం ఆలస్యమవుతుంది. రేడియేషన్‌తోపాటు కీమో మందులు ఎక్కేవారికి పుండు త్వరగా పడుతుంది. చుట్ట, బీడీ మానని వారిని గురించి ఏం చెప్పను? ఏ మందు పూసినా వాళ్ళ చర్మం మిగతావారికంటె ఆలస్యంగా మానుతుంది. మిషను గది బయట బెంచీమీద కూర్చుని బీడీ ముట్టించేవాళ్ళను చూస్తే కోపం కూడా రాదు, దిగులేస్తుంది.

ఎరుపు కనపడని చర్మం

చర్మం మార్పులను డాక్టర్లు మెట్లుగా విభజిస్తారు. లేత ఎరుపూ, పొడిపొట్టూ అయితే మొదటి మెట్టు. బాగా ఎర్రబడి, ముడుతల్లో అక్కడక్కడ తడి వూరితే రెండో మెట్టు. ముడుతలు దాటి తడిపుండు పాకితే మూడో మెట్టు. చర్మం చచ్చి గుంటపడితే నాలుగు, ఇది అరుదు. ఈ మెట్లన్నీ ఎరుపు మీద నిలబడ్డాయి. కట్టినవాళ్ళు ఎక్కువగా తెల్లచర్మం రోగులను చూసి కట్టారు. తెల్లకాగితం మీద గీసిన ఎర్ర సిరా గీత మార్కాపురం పలక మీద గీస్తే కనపడుతుందా? మన చర్మం మీద ఎరుపు తేలదు, నలుపే తేలుతుంది. అందువల్ల రెండు విధాల పొరపాటు జరుగుతుంది. ఎరుపు లేదు కదా అని రెండో మెట్టును మొదటి మెట్టుగా రాస్తారు. లేదా నలుపు చూసి ఇంటివాళ్ళు మొదటి మెట్టునే నాలుగో మెట్టనుకుంటారు!

కాబట్టి రంగును నమ్ముకోకండి. అరచేయి వెనకభాగం ఆనించి రెండోపక్క చర్మంతో పోల్చి చూడండి, ఎంత వెచ్చగా వుంది? వాపు వుందా? చొక్కా తగిలితే మంటా, తగలకపోయినా మంటా? రాత్రి నిద్ర పడుతోందా? బట్టకు తడి అంటుతోందా? ఈ ఐదు మాటలు వారంవారం డాక్టరుకు చెప్పండి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు. మొదటిరోజున ఆ చోటును సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసి, ప్రతి శుక్రవారం అదే వెలుతురులో ఇంకొకటి తీయండి. బ్రిటన్‌లో ఆ రొమ్ము పరిశోధనలలో కూడా ఫోటోలు దగ్గర పెట్టుకునే, ఎవరికి ఏ వైద్యం చేశారో తెలియని వారిచేత మార్కులు వేయించారు.

పూయడం, కడగడం

“నీళ్ళు తగలకూడదు” అని నెలన్నర స్నానం మానిపించే ఇళ్ళున్నాయి. ఇది పాత భయం. గోరువెచ్చని నీళ్ళతో, ఘాటులేని సబ్బుతో మెల్లగా కడుక్కుంటే చర్మానికి చెరుపు లేదని పరీక్షలలో తేలింది. మా వైపు వేసవిలో చెమటతో నానిన మెడను కడగకుండా వుంచితేనే ప్రమాదం. అయితే చర్మం మీద సిరాతో పెట్టిన గుర్తులు చెరగకూడదు. ఆ గుర్తులనుబట్టే రోజూ కిరణాలను గురిపెడతారు. అక్కడివాళ్ళు ఏ చోట తడపవద్దంటారో అది పాటించండి. కడిగాక తువాలుతో రుద్దకుండా మెత్తని పాత నూలుపంచెతో అద్దుకోవాలి. సున్నిపిండి వద్దు, పీచు వద్దు.

పసుపు, టూత్‌పేస్టు, బూడిద, ఆకుపసర్లు... వీటిని మందంగా మెత్తి మిషను కిందికి వెళితే ఒక చిక్కుంది. గరిష్ఠ మోతాదు లోపల పడుతుందని చెప్పాను కదా. ఆ లేపనమే పైచర్మమైపోయి, అసలు చర్మం ‘లోపల’ అయిపోతుంది. తప్పించుకోవలసిన మోతాదు చర్మం మీదికే వస్తుంది. పలచగా పూసిన క్రీముతో ఆ బాధ లేదు. వాసనలేని తేమ క్రీము రాత్రిపూట రాసుకోండి. కలబంద గుజ్జుకు చాలా పేరున్నా పరీక్షలలో చెప్పుకోదగ్గ ప్రయోజనం కనపడలేదు. మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ క్రీము మొదటినుంచి వాడితే దురద, మంట తగ్గుతాయి. కాని దాన్ని డాక్టరు రాసిస్తేనే వాడాలి, పుండు పడ్డ చోట రాయకూడదు.

మెడకు రేడియేషనయితే కాలరు చొక్కా, గొలుసు మానేయండి. రొమ్ముకయితే బిగువు జాకెట్టు వద్దు. ఆ చోట బ్లేడు, ప్లాస్టరు, కాపడం, ఐసు ఏవీ తగలనీయవద్దు. ఎండలోకి పోవలసివస్తే తలపాగానో కొంగో కప్పుకోవాలి. తిండిలో పథ్యాలు వద్దు. కొత్త చర్మం కట్టడానికి గుడ్డు, పప్పు, పాలు కావాలి. వంకాయ తింటే పుండు చీము పడుతుందనేది మన ఊరి మాటే, అందులో నిజం లేదు. బయటి మిషను వైద్యంలో రోగి ఒంట్లో కిరణాలు మిగలవు కాబట్టి పసిపిల్లలను నిస్సంకోచంగా ఎత్తుకోవచ్చు.

తడిపుండు పడితే ఉప్పునీటి సెలైనుతో కడిగి, అంటుకోని రకం కట్టు కట్టాలి. దూది పెట్టవద్దు, ఊడదీసేటప్పుడు కొత్తపొర కూడా ఊడివస్తుంది. జ్వరం వచ్చినా, చీమూ వాసనా వచ్చినా, నెత్తురు కారినా అదేరోజు ఆసుపత్రికి పోవాలి. కీమో జరుగుతున్నవారికి జ్వరం వస్తే తెల్లవారేదాకా కూడా ఆగవద్దు.

రోజులు తప్పితే

తల, మెడ కాన్సర్లలో వైద్యం ఒకరోజు పొడిగితే జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం నూటికి ఒకటికి పైగా తగ్గుతుందని ఎన్నో ఆసుపత్రుల రికార్డులు చూపాయి. చర్మకణాలు కోలుకున్నట్టే మిగిలిన కాన్సర్ కణాలు కూడా ఆ సెలవుల్లో కోలుకుంటాయి మరి. పెద్దల కార్యమనీ, కందికోత అనీ, సంక్రాంతి అనీ వారం రోజులు ఇంట్లో వుండిపోతే ఎంత పోగొట్టుకున్నారో మీరే లెక్కవేయండి. చర్మం మరీ పచ్చిపుండయినప్పుడు కొన్నాళ్ళు ఆపాలా వద్దా అనేది రేడియేషన్ డాక్టరు నిర్ణయించవలసిన సంగతి. ఆయన రెండువైపులా తూచి చెబుతాడు. తప్పనిసరిగా ఒకరోజు పోతే, కనీసం ఆరుగంటల వ్యవధితో ఒకేరోజు రెండు సిట్టింగులిచ్చి సర్దే వీలు కొందరికి వుంటుంది. కాని మీరు వెళ్ళి చెబితేనే కదా!

వైద్యం ముగిశాక ఆరు వారాలు దాటినా పుండు మానకపోతే తిరిగి చూపించుకోవాలి. ఏడాది రెండేళ్ళ తరువాత ఆ చోట చర్మం గట్టిపడటం, మెడ తిప్పడం కష్టమవడం, చేయి వాయడం మొదలయినా అంతే. తొందరగా వస్తే వ్యాయామంతో చాలావరకు సాగదీయవచ్చు. అప్పుడు డాక్టరు మొదట అడిగేది ఒకటే: ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగులు, ఏ తేదీనుంచి ఏ తేదీవరకు, ఏ మిషను? అదే చోట మళ్ళీ రేడియేషన్ ఇవ్వవలసివచ్చినా, ఆపరేషను చేయవలసివచ్చినా ఈ అంకెలు లేకుండా ఎవరూ అంచనా కట్టలేరు. మా ఊళ్ళలో డిశ్చార్జి కాగితాలు ట్రంకుపెట్టె అడుగున చెదలు తినడమో, పథకంవాళ్ళకిచ్చామని చెప్పడమో జరుగుతుంది. పంపించేరోజున ఈ నాలుగు అంకెలూ కాగితం మీద వున్నాయో లేదో చూసుకుని, లేకపోతే రాయించుకుని, ఆ కాగితాన్ని ఫోటో తీసి పిల్లల ఫోనులో కూడా ఒకటి వుంచండి.